నల్లని తెరపై ఓనమాలు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బది అయిదు సంవత్సరాల నాడు యానాం ఫ్రెంచి పాలనలో ఉన్నది. 1954 జూన్ 13న ఇక్కడి ప్రజలు ఆ పాలనకు స్వస్తి పలికారు. అదే సంవత్సరం నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చినది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టరీత్యా పూర్తి అయినది. ఆ పాత రోజులలో కచేరీ భాష ఫ్రెంచి, ఇంటి భాష తెలుగు. ఫ్రెంచి రాని రైతుకో, జాలరికో కచేరీ నుండి ఒక కాగితం వస్తే దానిని చదివిపెట్టేవారి కొరకు వెదకవలసినదే. కాగితంలో ఏమి ఉన్నదో అది కాదు, చదివినవారు ఏమి చెప్పారో అదే అతనికి శాసనం.

నేటి కచేరీ కాగితం కంప్యూటరులో ఉన్నది. ధ్రువపత్రానికి దరఖాస్తు, ఉపకార వేతనం, ప్రవేశ పరీక్ష హాల్ టికెట్టు, ఉద్యోగ ప్రకటన, బ్యాంకు వ్యవహారం, అన్నీ అక్కడికే చేరినవి. పదవ తరగతి చదివిన బిడ్డ కూడా ఇంటర్నెట్ సెంటరులో కుర్చీ వెనుక నిలబడి, ఎదుటివారు ఎక్కడ నొక్కితే అది చూస్తూ, అడిగినంత చెల్లించి వస్తున్నాడు. చదివిపెట్టేవారి కొరకు వెదకే ఆ పాత అవస్థకు ఇది కొత్త రూపం కాదా? అక్షరాస్యత అంటే సంతకం చేయడం మాత్రమే కానట్లే, కంప్యూటరు రావడం అంటే చెప్పిన చోట నొక్కడం మాత్రమే కాదు. ఆ యంత్రంతో స్వయంగా మాట్లాడగలగడం, అది ఇచ్చిన జవాబును స్వయంగా చదవగలగడం, అదీ అసలు అక్షరాస్యత.

ఇక్కడ ఒక సందేహం వినబడుతుంది. "కంప్యూటరు ఇంగ్లీషు మీడియం పిల్లల వస్తువు, తెలుగు మాధ్యమంలో చదివినవారికి అది పట్టుబడదు" అని కొందరు తల్లిదండ్రులు నమ్ముతారు. పిల్లలు ఆ మాట విని తాము కూడా నమ్ముతారు. ఈ నమ్మకం ఎంత బలహీనమైనదో చూపడానికి లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్, దానిలోని నల్లని ఆదేశాల తెర మంచి నిదర్శనం. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటరు యంత్రానికీ, దానిని వాడే మనిషికీ నడుమ నిలిచి పనులు జరిపించే మూల వ్యవస్థ.

లినక్సు పుట్టుక పిల్లలకు చెప్పదగిన కథ. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే శాస్త్రజ్ఞులు యునిక్స్ అనే వ్యవస్థకు పునాది వేశారు. చిన్న చిన్న పనిముట్లు, ఒక్కొక్క పనిముట్టుకు ఒక్కొక్క పని, అవసరమైనప్పుడు వాటిని జతపరచడం, ఇదీ దాని పద్ధతి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా మేధావి, అదే పద్ధతిలో పనిచేస్తూ ఎవరైనా వాడుకొనగల, చదువగల, మార్చుకొనగల, పదిమందికి పంచగల వ్యవస్థను నిర్మిస్తామని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టారు. ఆ స్వేచ్ఛను కాపాడే అనుమతి పత్రాన్ని 1989లో వెలువరించారు. ఆ పత్రం ప్రకారం వ్యవస్థలోని మూల రచనను దాచరాదు, దానిని పంచుకొనేవారిని అడ్డగించరాదు.

1991లో ఫిన్లాండు దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో లీనస్ టోర్వాల్డ్స్ అనే ఇరువది ఒక్క సంవత్సరాల విద్యార్థి, ఆ వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెల్ అనే భాగాన్ని వ్రాసి లోకానికి పంచిపెట్టాడు. మరుసటి సంవత్సరం దానిని కూడా గ్నూ అనుమతి పత్రం క్రిందికే తెచ్చాడు. ఆ దేశంలో అధిక సంఖ్యాకుల మాతృభాష ఫిన్నిష్. లీనస్ మాత్రం స్వీడిష్ మాట్లాడే అల్పసంఖ్యాక కుటుంబంలో పుట్టినవాడు. రాజధానికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన, తమిళం అధికంగా మాట్లాడే ప్రాంతంలో భాగమై ఉండి, తెలుగులో చదువుకొనే యానాం పిల్లలు ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుంచుకొనవచ్చును. ఆ విద్యార్థి పంచిపెట్టిన పని నేడు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులో అడుగున ఉండి పనిచేస్తున్నది. 2017 నవంబరు నుండి ప్రపంచంలోని అగ్రశ్రేణి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్సు మీదనే నడుస్తున్నవి.

ఇక నల్లని తెర మాట. లినక్సులో బొమ్మలు నొక్కి పని చేసుకొనే కిటికీలు కూడా ఉన్నవి. కానీ దాని అసలు బడి టెర్మినల్ అనే ఆదేశాల కిటికీ. అక్కడ బొమ్మలు ఉండవు. ఒక చిన్న గుర్తు మిణుకుమిణుకుమంటూ, "ఏమి చేయమంటారు?" అని అడుగుతున్నట్లు వేచి ఉంటుంది. ఒక మాట కొట్టి ఎంటర్ నొక్కితే యంత్రం ఆ పని చేస్తుంది.

మొదట నేర్వవలసిన మాటలు పన్నెండు. అవి చాలావరకు ఇంగ్లీషు పదాల పొడి అక్షరాలే, వాటిని చిన్న బడి అక్షరాలలో కొట్టాలి. పి.డబ్ల్యు.డి. అనగానే ఈ సభలోని పెద్దలకు రోడ్లు, వంతెనలు వేసే ప్రభుత్వ శాఖ గుర్తుకు వస్తుంది. లినక్సులో ఆ మూడు అక్షరాలకు అర్థం వేరు: "ప్రస్తుతం ఏ చోట నిలిచి ఉన్నామో చూపుము." ఎల్.ఎస్. అంటే "ఇక్కడ ఏమేమి ఉన్నవో జాబితా ఇమ్ము." సి.డి. అంటే "మరొక చోటికి వెళ్ళుము." ఎం.కె.డి.ఐ.ఆర్. కొత్త ఫోల్డరును సృష్టిస్తుంది. క్యాట్ అంటే పిల్లి కాదు, ఫైలులోని విషయాన్ని తెర మీద చూపే ఆదేశం. సి.పి. నకలు తీస్తుంది, ఎం.వి. స్థానం మారుస్తుంది లేదా పేరు మారుస్తుంది, ఆర్.ఎం. తొలగిస్తుంది. గ్రెప్ వెదకుతుంది, సార్ట్ వరుసలో పేరుస్తుంది, డబ్ల్యు.సి. లెక్కిస్తుంది. మ్యాన్ అనేది చాలా ఆదేశాలకు వివరణ పుటను తెరచి చూపుతుంది. ఈ పన్నెండు మాటలకూ నోటుపుస్తకంలో ఒక్క పుట చాలును.

వీటిని కంఠస్థం చేయించడం కంటె ముందు, లినక్సులో ఫైళ్ళు ఎలా అమరి ఉంటవో పిల్లవానికి బోధపడాలి. ఆ అమరిక ఒక చెట్టు. మూలం ఒకటే, దాని నుండి కొమ్మలు, కొమ్మల నుండి రెమ్మలు. యానాం పిల్లలకు ఇది చెప్పడం చాలా సులభం. యానాం నుండి కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు, బస్సెక్కితే దిగిపోవచ్చును. కానీ పరిపాలన వృక్షంలో మెట్టకూరు నుండి కాకినాడకు దారి వేరు. మెట్టకూరు నుండి యానాంకు, యానాం నుండి పుదుచ్చేరికి, పుదుచ్చేరి నుండి భారతదేశానికి మూడు మెట్లు పైకి ఎక్కాలి. అక్కడి నుండి ఆంధ్రప్రదేశ్‌కు, ఆంధ్రప్రదేశ్ నుండి కాకినాడకు రెండు మెట్లు దిగాలి. లినక్సులో ఒక మెట్టు పైకి ఎక్కడానికి రెండు చుక్కలు గుర్తు, ఒక మెట్టుకూ మరొక మెట్టుకూ నడుమ ఏటవాలు గీత గుర్తు. పక్కపక్కన ఉన్నట్లు కనిపించే రెండు ఫైళ్ళు వేర్వేరు కొమ్మలకు చెందినవి కావచ్చునని, దారి తెలియకుండా చిరునామా వ్రాయరాదని ఈ ఒక్క ఉదాహరణతో పదేళ్ళ బిడ్డకు అర్థమవుతుంది.

రెండవ పాఠం ఖచ్చితత్వం. ఈ తెర మీద పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. ఒక ఖాళీ విడిచితే ఒక అర్థం, విడువకపోతే మరొక అర్థం. ఒత్తు పెట్టకపోతే పదం మారిపోతుందని తెలుగు పిల్లలకు చిన్ననాటి నుండి తెలుసు. "గడి" వేరు, "గడ్డి" వేరు. ఆ శ్రద్ధనే ఇక్కడ చూపాలి. ఆదేశం సక్రమంగా నెరవేరితే చాలా సందర్భాలలో యంత్రం ఏమీ పలుకదు. మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు, లినక్సులో మౌనం పూర్ణాంగీకారం.

మూడవ పాఠం అన్నిటికంటె విలువైనది: తప్పును చదవడం. ఆదేశం నెరవేరకపోతే యంత్రం ఒక వాక్యంలో కారణం చెబుతుంది. మొదటి నెలలో పిల్లలకు ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు వాక్యాలు. "కమాండ్ నాట్ ఫౌండ్" అంటే మాటలో అక్షరదోషం ఉన్నది, లేదా ఆ పనిముట్టు ఈ యంత్రంలో లేదు. "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటే మాట సరియైనదే, చిరునామా తప్పు. "పర్మిషన్ డినైడ్" అంటే మాటా చిరునామా రెండూ సరియైనవే, అధికారం లేదు. మాటలో తప్పా, చోటులో తప్పా, అధికారంలో లోపమా అని విడదీసి చూడడం నేర్చిన బిడ్డ, లెక్కల పరీక్షలో కూడా తన తప్పు ఏ మెట్టులో ఉన్నదో వెదకడం నేర్చుకుంటుంది. యంత్రం కోపగించుకోదు, నలుగురిలో నవ్వదు, నూరుసార్లు తప్పు చేసినా నూట ఒకటవసారి అంతే నిదానంగా జవాబు చెబుతుంది. తరగతిలో నోరు విప్పడానికి జంకే బిడ్డకు ఇంతకంటె ఓర్పు గల తోడు దొరకడం కష్టం.

ఇక ఆ చిన్న పనిముట్లను జతపరచే విద్య. డగ్లస్ మెకిల్‌రాయ్ అనే శాస్త్రజ్ఞుని ఆలోచన మేరకు 1973లో థాంప్సన్ దీనిని యునిక్స్‌లో చేర్చారు. ఒక ఆదేశానికీ మరొక ఆదేశానికీ నడుమ ఒక నిలువు గీత గీస్తే, మొదటి దాని ఫలితం రెండవ దానిలోకి ప్రవహిస్తుంది. పెద్ద కాలువ నుండి పిల్ల కాలువకు, పిల్ల కాలువ నుండి తూము ద్వారా మడికి నీరు పారే గోదావరి డెల్టాలో పుట్టిన బిడ్డకు ఇది వేరుగా చెప్పనవసరం లేదు. ఒక ఫైలులో విద్యార్థుల పేర్లు, వారి ఊర్ల పేర్లు పంక్తికి ఒకటి చొప్పున వ్రాసి ఉన్నవనుకుందాం. కనకాలపేట, కురసాంపేట, మెట్టకూరు, అన్నీ కలిసిపోయి ఉన్నవి. గ్రెప్‌తో మెట్టకూరు అనే మాట ఉన్న పంక్తులను ఏరి, నిలువు గీత గీచి సార్ట్‌కు అందిస్తే, మెట్టకూరు పిల్లల పేర్లన్నీ వరుసలో నిలబడతవి. సార్ట్ బదులు డబ్ల్యు.సి.కి అందించి పంక్తులను లెక్కించమంటే వారెందరో అంకె వస్తుంది. హాజరు పట్టీ ముందు ఉపాధ్యాయులు గంటసేపు చేసే పని ఇది.

ఇందులో పేర్లు తెలుగులోనే వ్రాయవచ్చును, తెలుగులోనే వెదకవచ్చును. ప్రపంచ భాషల లిపులన్నిటికీ ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క సంఖ్యను కేటాయించిన యూనికోడ్ అనే ప్రమాణంలో 1991లో వెలువడిన తొలి కూర్పు నుండే తెలుగు ఉన్నది. తెలుగుకు అందులో 128 స్థానాల గడి ఉన్నది. ఫోల్డరుకు తెలుగు పేరు పెట్టినా లినక్సు అభ్యంతరం చెప్పదు. కొన్ని టెర్మినల్ కిటికీలలో ఒత్తులు, గుణింతాలు కొంచెం చెదిరి కనబడవచ్చును, లోపల మాత్రం అవి భద్రంగానే ఉంటవి. "స్త్రీ" అనే మాటను తెలుగు పంతులు ఒకే అక్షరం అంటారు. డబ్ల్యు.సి.ని అడిగితే, పంక్తి చివరి గుర్తును మినహాయించి, ఆరు అని చెబుతుంది. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం, ఇవీ ఆ ఆరు. సంయుక్తాక్షరం విడదీయడం తెలుగు వ్యాకరణ పాఠం. ఆ పాఠం చక్కగా వచ్చిన బిడ్డకు యంత్రం లెక్క ఇట్టే బోధపడుతుంది. తెలుగు మాధ్యమం ఇక్కడ అడ్డంకి కాదు, ఆధారం.

అయితే ఇంగ్లీషు అవసరమే లేదని చెప్పడం సత్యదూరం. మ్యాన్ పుటలు ఇంగ్లీషులో ఉంటవి, దోష వాక్యాలు కూడా సాధారణంగా అదే భాషలో వస్తవి. కానీ ఆ ఇంగ్లీషు కొద్దిపాటిది, మళ్ళీ మళ్ళీ వచ్చేది, అర్థం వెంటనే కంటికి కనబడేది. ఇంగ్లీషు వచ్చిన తరువాత కంప్యూటరు నేర్చుకోవాలన్న క్రమం తప్పనిసరి కాదు. కంప్యూటరు నేర్చుకుంటూ ఆ ఇంగ్లీషును కూడా పట్టుకొనవచ్చును.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఆర్.ఎం. అనే ఆదేశంతో తొలగించిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్ళదు, నేరుగా పోతుంది. "నిజంగా తీసివేయనా?" అని అది సాధారణంగా అడుగదు. అందుచేత ప్రతి ఫైలుకు యజమాని, వర్గం, ఇతరులు అని మూడు తరగతులు ఏర్పరచి, చదివే హక్కు, వ్రాసే హక్కు, నడిపించే హక్కు ఎవరికి ఎంతవరకు అన్నది లినక్సు ముందుగానే నిర్ణయిస్తుంది. సర్వాధికారాలు గల వాడుకదారుని రూట్ అంటారు. ఆ తాళపుచెవి ఉపాధ్యాయుల వద్దనే ఉండాలి, పిల్లలకు ఎవరి ఫోల్డరు వారికి ఇవ్వాలి. అధికారం అవసరమైనంతే వాడాలన్న పౌరనీతి కూడా ఇందులో కలిసి వస్తుంది.

ఇది ఇతరచోట్ల జరిగిందా అని తల్లిదండ్రులు అడగడం సహజం. పుదుచ్చేరికే చెందిన మాహే పట్టణం చుట్టూ ఉన్న కేరళ రాష్ట్రాన్ని చూడవచ్చును. అక్కడ 2001లో ప్రారంభమైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ప్రభుత్వ పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ప్రవేశపెట్టి, మలయాళ మాధ్యమం పిల్లలకు లినక్సు మీదనే పాఠాలు చెప్పించినది. 2017లో ఆ పథకం కైట్ అనే ప్రభుత్వ సంస్థగా రూపుదిద్దుకొన్నది. తెలుగునాట 2005లో ఏర్పడిన స్వేచ్ఛ అనే సంస్థ లినక్సును తెలుగులోకి తెచ్చే కృషి చేసినది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో భారతీయ భాషలకు అనువుగా బాస్ అనే లినక్సు కూర్పును విడుదల చేసినది. పేరు తెలియని స్వచ్ఛంద సేవకులెందరో రాత్రులు కూర్చొని, తెర మీది మాటలను ఒక్కొక్కటిగా తెనిగించారు. వారికి జీతం లేదు, బిరుదు లేదు. తమ భాష తెర మీద కనబడాలన్న అభిమానమే వారిని కూర్చోబెట్టినది.

ఖర్చు సంగతి. లినక్సుకు అనుమతి రుసుము లేదు, ఎన్ని యంత్రాలలోనైనా వేసుకొనవచ్చును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ సహాయం నిలిచిపోయిన తరువాత, కొత్త కూర్పుకు తగవని మూలన పడిన కంప్యూటర్లు ఎన్నో ఇళ్ళలో, కార్యాలయాలలో ఉన్నవి. బొమ్మల కిటికీలు లేకుండా ఆదేశాల తెర మాత్రమే నడపడానికి ఒక గిగాబైటు మెమరీ గల పాత యంత్రం కూడా సరిపోతుంది. ఉన్నదానిని చెరపకుండా, పెన్ డ్రైవు నుండి లినక్సును నడిపి చూసే వీలు కూడా ఉన్నది. కంప్యూటరు లేని ఇంటిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, టెర్మక్స్ అనే ఉచిత అనువర్తనంతో పైన చెప్పిన ఆదేశాలను సాధన చేయవచ్చును. ఆటలకు, వీడియోలకు మాత్రమే పనికివస్తుందని తల్లిదండ్రులు నొచ్చుకొనే ఆ ఫోనే పలకగా మారుతుంది.

ఈ జూబ్లీ సందర్భంలో పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. బంగారు రంగు ఫలకాలు, తోరణాలు నాలుగు రోజుల ముచ్చట. ఉద్యోగరీత్యా కంప్యూటర్ల నడుమ జీవిస్తున్నవారు సెలవులకు యానాం వచ్చినప్పుడు రెండు పూటలు పిల్లల ప్రక్కన కూర్చొని ఈ పన్నెండు మాటలు నేర్పితే అదే శాశ్వత స్మారకం. మూలన పడిన యంత్రం ఉంటే దానిని శుభ్రపరచి ఇవ్వవచ్చును. ఉపాధ్యాయులకు ఒక సూచన: ఆదేశాలనూ, దోష వాక్యాలనూ తెలుగులో వివరిస్తూ రెండు పుటల కరపత్రం తయారుచేసి ప్రతి బిడ్డ చేతిలో ఉంచాలి. తల్లిదండ్రులకు ఒక మనవి: నల్లని తెర మీద తెల్లని అక్షరాలు చూసి, ఏదో చెడిపోయినదని భయపడవద్దు. అదేమిటో మీ అమ్మాయిని, మీ అబ్బాయిని అడగండి. వారు చెప్పగలిగితే చదువు వచ్చినట్లే.

చిరంజీవులారా, పూర్వం ఇసుకలో వ్రేలు పెట్టి ఓనమాలు దిద్దించేవారు. ఇసుక ఎవరి సొత్తూ కాదు. తప్పు వ్రాస్తే అరచేతితో చెరిపి మళ్ళీ వ్రాయవచ్చును. లినక్సు తెర కూడా అటువంటి ఇసుకే. ఎవరో పంచిపెట్టినందువల్ల అది మీకు చేరినది. నేర్చుకొన్న తరువాత మీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పంచడం మీ వంతు. ఇతరులు చదివిపెడితే వినవలసిన అవసరం ఈ ఊరి బిడ్డకు ఇక రాకూడదని, మెట్టకూరు పిల్లలు తమ కాగితాన్ని తామే చదువుకొని, తమ మాటను తామే యంత్రానికి చెప్పగల రోజు త్వరలోనే రావాలని ఆకాంక్ష.